బతికి బట్టకట్టిన రోడ్డు

రోడ్ల శాఖ మంత్రిగారు మైకు ముందు నిలబడి రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా జనం వైపు చూశారు. గొప్ప విషయం చెప్పబోయే ముందు ఆయన అలాగే చూస్తారు. చెప్పాల్సింది గుర్తురానప్పుడు కూడా అలాగే చూస్తారు. తేడా కనిపెట్టడం కష్టం కాబట్టి విలేకరులు ముందుజాగ్రత్తగా పెన్నులు తీసి, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

"మన పల్లెటూరి రోడ్లు ఇన్నేళ్లుగా ఒంటి మీద నూలుపోగు లేకుండా పడున్నాయి," అన్నారు మంత్రిగారు గద్గద స్వరంతో. "ఎండకి ఎండి, వానకి తడిసి... ఒక్కరైనా సిగ్గుపడ్డారా? నేను సిగ్గుపడ్డాను. ఇవాళ్టి నుంచి ఈ ప్రభుత్వంలో ఏ రోడ్డూ బట్టల్లేకుండా ఉండదు!"

సభ తెల్లబోయింది. ముందు వరుసలోని కార్యకర్తలు చప్పట్లు మొదలుపెట్టాక, ఇదేదో మంచి విషయమేనని అందరికీ అర్థమైంది. పథకం పేరు 'మార్గ వస్త్రం'.

పథకం పుట్టుక కూడా సామాన్యమైంది కాదు. రోడ్ల మీద అధ్యయనం కోసం మంత్రిగారు పదిహేను రోజులు విదేశాలకు వెళ్లారు. పద్నాలుగు రోజులు అక్కడి బజార్లను క్షుణ్ణంగా అధ్యయనం చేశారు. పదిహేనో రోజు హఠాత్తుగా వాన పట్టుకోవడంతో తల దాచుకోవడానికి ఒక ఫ్యాక్టరీలోకి దూరారు. అక్కడొక పెద్దమనిషి జనపనారతో నేసిన ముతక బట్ట చూపించి, దీన్ని మట్టి రోడ్ల కింద పరిస్తే రోడ్లు కుంగవని తన భాషలో చెప్పాడు. ఆయన భాష మంత్రిగారికి రాదు, మంత్రిగారి భాష ఆయనకి రాదు. అందువల్ల ఇద్దరి మధ్య ఎక్కడా అభిప్రాయభేదం రాలేదు. జేబురుమాలంత ముక్క ఒకటి కత్తిరించుకుని మంత్రిగారు విమానం ఎక్కారు. 'కింద' అన్న ఒక్క మాట మాత్రం ప్రయాణంలో ఎక్కడో జారిపోయింది.

సభ జరిగిన మర్నాడు పేపర్లో ఈ వార్త చదివి నిజంగా ఎగిరి గంతేసిన మనిషి మొత్తం రోడ్ల శాఖలో ఒక్కరే. ఆమె ఒక జూనియర్ ఇంజనీరు. అసలు పేరు సర్వీసు రిజిస్టరులో ఉంది గానీ, అందరూ మట్టి మేడమ్ అనే అంటారు. ఏ ఊరు వెళ్లినా గుప్పెడు మట్టి పొట్లం కట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకురావడం ఆవిడ అలవాటు. ఇంట్లో డబ్బాలన్నీ మట్టే. ఒకసారి అత్తగారు కాఫీ పొడి అనుకుని నల్లరేగడి మట్టిని మరుగుతున్న నీళ్లలో వేసి, రెండు గుక్కలు తాగాక గానీ అనుమానపడలేదు. భర్త రైల్వే గార్డు. నెలలో సగం రోజులు బండి మీదే ఉంటాడు కాబట్టి, ఈ సంసారంలో మట్టికి అడ్డు చెప్పేవాళ్లు అత్తగారు తప్ప ఎవరూ లేరు.

జనపనార బట్ట గురించి మట్టి మేడమ్ ఆరేళ్ల కిందటే ముప్ఫై పేజీల నివేదిక రాసిచ్చింది. అది ఆమె పై అధికారి ఈఈగారి బల్ల కాలు కింద మడిచి పెట్టి ఉంది. ఆరేళ్లుగా ఆ బల్ల కదల్లేదు. ఆ లెక్కన జనపనార బలమేమిటో శాఖకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

ఈఈగారు ఆమెని పిలిచి కూర్చోమన్నారు. కూర్చోమన్నారంటే పని కష్టమైందని అర్థం.

"అమ్మాయ్, మంత్రిగారు రెండు రోడ్లు ఎంపిక చేశారు. ఒకటి మెట్ట ఊరు, ఆయన సొంతూరు. అది నేను చూసుకుంటాను. రెండోది పల్లపు ఊరు. అది నువ్వు చూడు."

"మెట్ట ఊరిది రాతి నేల కద సార్. అక్కడ బట్ట అవసరమే లేదు."

"అవసరం లేని చోటే పథకం బాగా నిలబడుతుందమ్మా. నా సర్వీసులో నేను నేర్చుకున్న ఇంజనీరింగ్ అంతా అదే."

పల్లపు ఊరి సంగతి మట్టి మేడమ్‌కి తెలుసు. పెద్ద రోడ్డు నుంచి ఊళ్లోకి కిలోమీటరున్నర. అంతా నల్లరేగడి. ఏటా కంకర పోయడం, వాన పడగానే ఆ నేల దాన్ని అన్నంముద్దలా మింగేయడం, మళ్లీ నోరు తెరవడం. వానాకాలంలో ఆంబులెన్సు పెద్ద రోడ్డు మీదే ఆగిపోతుంది. కిందటేడు, ఆ ఊళ్లో ఆడవాళ్ల నేత సంఘం నడిపే, అందరూ అక్క అని పిలిచే ఆవిడ తల్లికి ఊపిరాడకపోతే మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. మోకాళ్ల లోతు బురద. ఆంబులెన్సు హారను వినబడేంత దూరంలో ఆ ముసలావిడ ప్రాణం పోయింది. అక్కడే మంచం దించి, వచ్చిన దారినే వెనక్కి మోసుకెళ్లారు.

మట్టి మేడమ్ మూడు రోజుల్లో ఎస్టిమేటు తయారుచేసి పట్టుకెళ్లింది. ఈఈగారు మొదటి పేజీలోనే ఆగిపోయారు.

"ఇదేంటమ్మా? 'బట్ట రెండు మూడేళ్లలో కుళ్లిపోయి మట్టిలో కలిసిపోతుంది' అని రాశావేంటి?"

"అవును సార్. బట్ట ఉన్నంతకాలం కంకర బురదలోకి దిగకుండా ఆపుతుంది, నీళ్లు మాత్రం వదుల్తుంది. ఈలోపు బండ్లు తిరిగి తిరిగి కింద మట్టి గట్టిపడుతుంది. తర్వాత బట్టతో పన్లేదు. కుళ్లిపోవాలి కూడా."

"మంత్రిగారి పథకం కుళ్లిపోవాలని ఫైల్లో రాస్తావా? నాకు ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది."

చివరికి ఈఈగారే ఎర్ర పెన్నుతో కొట్టేసి, 'కాలక్రమమున వస్త్రము మాతృభూమితో మమేకమగును' అని రాశారు. అది చదివి మంత్రిగారికి కళ్లు చెమర్చాయని పీఏ ఫోన్ చేసి చెప్పాడు.

బట్ట నేసే పని పల్లపు ఊరి ఆడవాళ్ల నేత సంఘానికే ఇచ్చారు. పొడవాటి రేకుల షెడ్డు, ఇరవై మగ్గాలు, మూలన నారకి రాసే నూనె డ్రమ్ము. షెడ్డులోకి అడుగుపెడితే ఆ నూనె వాసన రెండు రోజులు జుట్టుని వదలదు. సంఘం అక్క యాభై ఏళ్ల మనిషి. గట్టి గొంతు. మాట్లాడుతూనే నాడె విసురుతుంది, నాడె విసురుతూనే పక్క మగ్గంలో తప్పు పట్టుకుంటుంది.

"రోడ్డుకి కప్పుతారా, రోడ్డు కింద పరుస్తారా మేడమ్?" అని అడిగింది అక్క మొదటి రోజే.

మంత్రివర్గంలో ఎవరికీ రాని ఈ ప్రశ్న ఆవిడకి రావడం చూసి మట్టి మేడమ్‌కి ముచ్చటేసింది.

పని సగంలో ఉండగా మంత్రిగారి పీఏ షెడ్డుకి వచ్చాడు. బట్టని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"అంచు ఏదీ?"

"అంచెందుకు సార్?" అంది మట్టి మేడమ్.

"పార్టీ రంగులో అంచుండాలి. ఊదా రంగు. జానెడు వెడల్పు."

"భూమిలో పాతిపెట్టేదానికి రంగెందుకండీ?"

"పాతిపెట్టే ముందు ఫోటో తీస్తారుగా!"

అక్క లేచి వెళ్లి ఊదా రంగులో నార నానబెట్టింది.

ప్రారంభోత్సవం రోజున చదును చేసిన రేగడి మట్టి మీద బట్ట పరిచారు. ఎండలో బంగారంలా మెరిసింది. అంచు కూడా బాగానే ఉందని మట్టి మేడమ్ మనసులో ఒప్పుకోక తప్పలేదు. మంత్రిగారు చెప్పులు విప్పి పది గజాలు నడిచారు. కెమెరాలు టకటకలాడాయి. ఇంతలో వెనకనుంచి ఇసుక ట్రాక్టరు వచ్చి బట్ట మీద బళ్లున ఇసుక కుమ్మరించింది.

మంత్రిగారు ఉలిక్కిపడ్డారు. "ఎవడ్రా వాడు! పథకం మీద మట్టి పోస్తున్నాడు!"

"దాని మీద ఇసుక పోసి, కంకర పోసి, రోలరు తిప్పాలి సార్," అంది మట్టి మేడమ్. "బట్ట అడుగున ఉంటుంది."

"అడుగునా? మరి జనానికి ఎలా కనిపిస్తుంది?"

"కనిపించదు సార్. రోడ్డు కనిపిస్తుంది."

"రోడ్డు ఎవడైనా వేస్తాడమ్మా! బట్ట కదా నాది!"

ఈఈగారు మధ్యలో దూరి, ఇళ్ల పునాదులు కూడా కనిపించవని వినయంగా మనవి చేశారు.

"పునాదిరాయి మీద నా పేరుంటుందయ్యా," అన్నారు మంత్రిగారు. వాదన అక్కడితో ముగిసింది. వెళ్తూ వెళ్తూ కారు అద్దం దించి, బట్ట మీద చిటికెడు మట్టి పడ్డా ఊరుకోనని హెచ్చరించారు.

కాన్వాయ్‌లోని ఆఖరి కారు మలుపు తిరిగేదాకా మట్టి మేడమ్ చేతులు కట్టుకుని నిలబడింది. తర్వాత ట్రాక్టరు వైపు తిరిగి చెయ్యి ఊపింది. పదకొండు రోజుల్లో ఇసుక, కంకర, రోలరు అన్నీ పూర్తయ్యాయి. రోలరు డ్రైవరుకి సంఘం ఆడవాళ్లు వంతులవారీగా టీ పోశారు.

మెట్ట ఊళ్లో ఈఈగారు అలాంటి పొరపాటు చేయలేదు. బట్టని రోడ్డు పైన పరిచారు. మొదటి రోజు రెండు మోటారుసైకిళ్ల చక్రాలకి చుట్టుకుంది, రెండో రోజు ఒక ఎద్దు కొంచెం తిని చూసింది. మూడో రోజు ఈఈగారు బట్టనంతా చుట్ట చుట్టించి పంచాయతీ హాల్లో పెట్టించి తాళం వేయించారు. పెద్దవాళ్లు ఎవరైనా వస్తే గంట ముందు పరవడం, వెళ్లాక చుట్టేయడం. అంత జాగ్రత్తగా చూసుకున్న రోడ్డు శాఖ చరిత్రలో మరొకటి లేదు.

ఆ ఏడు వానలు జోరుగా పడ్డాయి. పల్లపు ఊరి రోడ్డు కుంగలేదు. నీళ్లు వచ్చాయి, పక్కలకి జారిపోయాయి. వానాకాలంలో బడికి టీచరు రావడం ఆ ఊళ్లో అదే మొదటిసారి. పిల్లలు ఆ రోడ్డుని నోరారా తిట్టుకున్నారు. ఒక మధ్యాహ్నం కుండపోతలో అక్క భర్తకి గుండెల్లో నొప్పొస్తే ఆంబులెన్సు నేరుగా గుమ్మంలోకి వచ్చింది. వారం తర్వాత ఆయన తిరిగొచ్చి, ఆసుపత్రి తిండి గురించి ఊరందరికీ చెప్పుకుని తిట్టాడు. అక్క ఆ తిట్లన్నీ పక్కన కూర్చుని శ్రద్ధగా విన్నది.

మట్టి మేడమ్ ఆ వారం రోడ్డు చూడ్డానికి వెళ్తే, అక్క ఆమె చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. ఆ చేతికి నూనె వాసన. మట్టి మేడమ్‌కి తన ఉద్యోగం మీద మొదటిసారి గర్వం కలిగింది.

అప్పుడే కమిటీలు మొదలయ్యాయి.

మొదటి కమిటీ వచ్చి రోడ్డు మీద అటూ ఇటూ నడిచి, "రోడ్డు బాగానే ఉంది. బట్ట ఎక్కడ?" అంది.

"కింద సార్."

"కనిపించనిదాన్ని మేం ఎలా సర్టిఫై చేస్తాం?"

తవ్వారు. రెండు గునపాలు వంగాయి. బట్ట కనిపించింది, సంతకాలు పెట్టారు, గుంట అలాగే వదిలేసి వెళ్లారు. రెండో కమిటీ వచ్చి మరో చోట తవ్వింది. పాత గుంటలోకే తొంగి చూడమంటే, అది వేరే శాఖవాళ్ల గుంట, మేం ముట్టుకోకూడదన్నారు. ఇలా ఏడాదిన్నరలో ఏడు కమిటీలు. వాన చేయలేని పని కమిటీలు చేశాయి. ప్రతి గుంటనీ సంఘం ఆడవాళ్లే కంకర పోసి, దిమ్మిసతో కొట్టి పూడ్చుకున్నారు.

"మేడమ్, మా రోడ్డు మీద ఇంత ప్రేమ ఎందుకు వీళ్లకి?" అని అడిగింది అక్క ఏడో గుంట దగ్గర నడుం పట్టుకుని. "మెట్ట ఊళ్లో తవ్వరేం?"

"అక్కడ బట్ట పైనే ఉంటుందక్కా."

ఈలోగా రాజకీయాల్లో చిన్న మార్పు వచ్చింది. మంత్రిగారు పార్టీ మారారు. అలా అనకూడదని ఆయన విలేకరులకు వివరంగా చెప్పారు. "నేనెక్కడికీ వెళ్లలేదు. కుర్చీలోనే ఉన్నాను. పార్టీయే నా దగ్గరికి వచ్చింది." కొత్త పార్టీది ఇటుక రంగు.

మూడో ఏడు ఎనిమిదో కమిటీ వచ్చింది. తవ్వితే బట్ట లేదు. ఇంకోచోట తవ్వారు. లేదు. గట్టిపడ్డ మట్టిలో అక్కడక్కడా గోధుమరంగు చారలు మాత్రం కనిపించాయి. మట్టి మేడమ్ ఆ మట్టిని వేళ్లతో నలిపి సంబరంగా చూపించింది.

"చూశారా సార్! పని పూర్తయిపోయింది. బట్ట కుళ్లి మట్టిలో కలిసిపోయింది. నేల రాయిలా అయింది!"

"బట్ట కుళ్లుతుందని ఫైల్లో ఎక్కడుంది?"

ఫైలు తీశారు. మాతృభూమితో మమేకం కావడం ఉంది. కుళ్లడం లేదు. బట్టకి మాతృభూమి అంటే నేత సంఘం ఊరేనా లేక నార పండిన ఊరా అని కమిటీ కాసేపు తర్జనభర్జన పడి, ఏదైనా సరే బట్ట కనబడనందున అది దొంగతనం కిందకే వస్తుందని తేల్చింది.

మర్నాడు పేపర్లో 'రోడ్డు బట్టలు విప్పిన ఇంజనీరు' అని వచ్చింది. మట్టి మేడమ్‌ని సస్పెండ్ చేశారు. అదే పేజీ కింది భాగంలో, మెట్ట ఊళ్లో మూడేళ్లయినా ఒక్క పోగు చెదరని బట్టని కమిటీ మెచ్చుకుందని, నూటికి నూరు మార్కులు వేసిందని రాశారు. మార్కుల కాగితంలో బట్ట గురించి ఇరవై గళ్లు ఉన్నాయి. రోడ్డు గురించి గడి లేదు.

ఇద్దరు ఉద్యోగులు ఇల్లు సోదా చెయ్యడానికి వచ్చారు. అల్మరాలు, మంచాలు, అటకలు అన్నీ చూశారు. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే గోనెపట్టా కనబడగానే వాళ్ల మొహాలు వెలిగిపోయాయి. అది ఎక్కడిదని అత్తగారిని నిలదీశారు.

"అది నా పెళ్లప్పటిది నాయనా," అంది అత్తగారు. "కావాలంటే తీసుకెళ్లండి. దులిపి తీసుకెళ్లండి. ఈ ఇంట్లో దొంగసొత్తు ఏదైనా ఉందంటే మట్టే. నాలుగు ఊళ్లది ఉంది. కాఫీ కూడా కలిపిస్తాను, కూర్చోండి."

వాళ్లు కూర్చోలేదు. వాళ్లు వెళ్లాక అత్తగారు కోడలి పక్కన వచ్చి కూర్చుంది. మట్టి మేడమ్ అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది.

"రోడ్డు బాగుందా లేదా?" అని అడిగింది అత్తగారు.

"బాగుంది అత్తయ్యా."

"మరి ఏడుపు దేనికే?"

"బాగుండటం తప్పని నాకు తెలీదు."

విచారణ తేదీకి మూడు రోజుల ముందు ఈఈగారు స్వయంగా ఇంటికి వచ్చారు. ఆయన మంచి మనిషి. తన మీదికి రానంతవరకూ ఎవరికీ కీడు తలపెట్టరు.

"అమ్మాయ్, ఎక్కడైనా గజం బట్ట పాతెయ్. అక్కడే తవ్విద్దాం. నేను చూసుకుంటాను."

"అబద్ధం పాతలేను సార్. బట్ట కుళ్లడమే నిజం. అదే చెబుతాను."

"నిజం చెప్పడానికి నీకు పర్మిషను ఎవరిచ్చారు? సస్పెన్షన్‌లో ఉన్నావు," అన్నారు ఈఈగారు బాధగా.

ఈ సంగతి అత్తగారి ద్వారా అక్క చెవిన పడింది. ఇద్దరూ సంతలో కలిశారు. ఏం మాట్లాడుకున్నారో కూరగాయలమ్మే మనిషికి తప్ప ఎవరికీ తెలియదు.

విచారణ రోజున ఊరంతా రోడ్డు మీదే ఉంది. విచారణాధికారి గొడుగు కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఎక్కడ తవ్వాలని ఆయన అడగ్గానే, సంఘం ఆడవాళ్లందరూ ఒకేసారి ఒకే చోటు చూపించారు. తవ్వారు. మూరెడు లోతులో బట్ట తగిలింది. పైకి లాగారు. మిలమిలా మెరుస్తూ వచ్చింది.

మట్టి మేడమ్ గుంట దగ్గరికి వెళ్లి వంగింది. ముక్కుకి నూనె వాసన గుప్పున కొట్టింది. తలెత్తి అక్క వైపు చూసింది. అక్క ఆకాశంలో మబ్బులు లెక్కపెడుతోంది.

ఊరుకుంటే ఉద్యోగం దక్కుతుంది. మట్టి మేడమ్ ఒక్క క్షణం ఊరుకుంది. కానీ మూడేళ్లు పట్టి నిరూపించిన విషయాన్ని తన చేతులతో తనే అబద్ధం చేయడం ఆమె వల్ల కాలేదు.

"సార్, ఇది కొత్త బట్ట," అంది. "మేం వేసింది కాదు. అది కుళ్లిపోయింది."

విచారణాధికారి మొహం మాడింది. ఆ పొద్దునే ఆయనకి పీఏ ఫోన్ వచ్చింది. ఎన్నికలు దగ్గర పడ్డాయి, మార్గ వస్త్రం రెండు ఊళ్లలోనూ సక్సెస్ కావాలి అని దాని సారాంశం.

"మీరు మాట్లాడకండి. మూడేళ్ల తర్వాత కూడా కొత్తగా ఉందంటే అది పథకం గొప్పతనం."

"సార్, అంచు చూడండి. మేం ఊదా రంగు వేశాం. ఇది ఇటుక రంగు. మూడేళ్ల కిందట మంత్రిగారిది ఆ పార్టీ. ఈ పార్టీ కాదు."

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. అక్క నాలుక కరుచుకుంది. "ఇప్పుడు ఆయన రంగు ఇదే గదమ్మా... పాతది వేస్తే కోప్పడతారేమోనని..." అని గొణిగింది.

విచారణాధికారి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"మంత్రిగారు పార్టీ మారారని నన్ను రికార్డులో రాయమంటారా?"

"మారారు కద సార్!"

"ఆయన మారలేదు. పార్టీయే ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన స్వయంగా చెప్పారు. కాబట్టి ఆయన రంగు మొదట్నుంచీ ఇటుక రంగే. అంచు సరిగ్గానే ఉంది." గుమాస్తా వైపు తిరిగాడు. "రాసుకో. బట్ట దొరికింది. నిందితురాలు వినయం కొద్దీ ఒప్పుకోవడం లేదు."

ఆ విధంగా మట్టి మేడమ్ తన వాంగ్మూలానికి పూర్తి విరుద్ధంగా నిర్దోషి అయింది. ఊరివాళ్లు ఈలలు వేశారు. ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్క మీద కోపగించుకుందామని వెళ్లి, ఆవిడ అరచేతుల్లో గునపం బొబ్బలు చూసి వెనక్కి వచ్చేసింది.

ఇరవై రోజుల తర్వాత ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే ఆమె బల్ల మీద ఒక ఉత్తర్వు ఉంది.

'మూడు సంవత్సరములు గడచినను నూతనముగా ఉన్న సదరు వస్త్రమును భూగర్భమున నిరుపయోగముగా ఉంచుట ప్రజాప్రయోజనము దృష్ట్యా సమంజసము కానందున, పల్లపు ఊరి మార్గమును ఆసాంతము తవ్వించి, వస్త్రమును వెలికితీయించి, ఇతర మార్గములకు తొడుగుటకై నలుబది దినములలో అప్పగించవలసినది. వస్త్రమునందు విశేష పరిజ్ఞానము గల తమనే ఇందుకు బాధ్యులుగా నియమించడమైనది.'

ఆమె ఉత్తర్వు పట్టుకుని పల్లపు ఊరు చేరేసరికి తవ్వే యంత్రం అప్పటికే ఊరి మొదట్లో నిలబడి ఉంది. ఆపరేటరు ఇంజను ఆన్ చేసి, కిందికి వంగి మర్యాదగా అడిగాడు.

"ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటారు మేడమ్?"

రోడ్డు మీద టీచరు సైకిలు ఆపి నిలబడిపోయింది. ఎవరో అక్కకి కబురు చెప్పారు. అక్క షెడ్డులోంచి ఒంటినిండా నారతో వచ్చింది. ఉత్తర్వు చదివించుకుని విన్నది. రోడ్డు వైపు, యంత్రం వైపు, మట్టి మేడమ్ వైపు చూసింది.

"వాళ్లకి బట్ట కావాలా, గొయ్యి కావాలా?"

"బట్ట."

"ఎంత?"

"కిలోమీటరున్నర, అక్కా."

"అంచు ఇటుక రంగేనా? మళ్లీ ఎక్కడికీ మారడు గదా ఈ నలభై రోజుల్లో?"

"చెప్పలేం. చివర్లో వెయ్యండి."

"పదండే!" అని అరుస్తూ అక్క షెడ్డులోకి వెళ్లిపోయింది. కాసేపటికి ఇరవై మగ్గాలూ ఒక్కసారిగా మోత పెట్టాయి. ఆపరేటరు ఇంజను ఆపి, యంత్రం తొట్టి నీడలో నడుం వాల్చాడు. నలభై రోజులూ ఆయన అక్కడే డ్యూటీ చేశాడు.

ముప్ఫై తొమ్మిదో రోజున బట్ట లారీలకెక్కింది. అప్పగింత కాగితంలో 'పల్లపు ఊరి నుంచి వచ్చిన బట్ట' అని రాసి మట్టి మేడమ్ సంతకం పెట్టింది. 'తవ్వి' అనే మాట రాయలేదు. ఎవరూ అడగలేదు కూడా. మంత్రిగారు విలేకరుల ముందు బట్టని చేతుల్లోకి తీసుకుని గుండెలకి హత్తుకుని, గాఢంగా వాసన చూశారు.

"మూడేళ్లు భూమిలో ఉంది. మట్టి వాసన కూడా రావట్లేదు," అన్నారు గద్గద స్వరంతో. "పథకం అంటే ఇదీ."

బట్టని మెట్ట ఊరి పంచాయతీ హాల్లో భద్రపరిచారు. పల్లపు ఊరి రోడ్డుని పూర్తిగా తవ్వేసినట్టు రికార్డుల్లో నమోదు చేసి, రోడ్ల జాబితాలోంచి కొట్టేశారు. ప్రయాణికుల భద్రత దృష్ట్యా ఊరి మొదట్లో హెచ్చరిక బోర్డు పెట్టమని శాఖ ఒక మనిషిని పంపింది. ఇనప గొట్టానికి బిగించిన పొడవాటి రేకు. పైన పెద్ద అక్షరాలతో 'ఈ ఊరికి రోడ్డు', దాని కింద అంతే పెద్దగా 'లేదు'.

అతను రోడ్డు మధ్యలో గుంట తవ్వడానికి గంటసేపు చెమటోడ్చి, మట్టి మేడమ్‌కి ఫోన్ చేశాడు.

"మేడమ్, ఈ రోడ్డు మహా గట్టిగా ఉంది. గడ్డపార దిగట్లేదు. బోర్డు ఎక్కడ పాతను?"



"పక్కన బురదలో పాతు నాయనా," అంది మట్టి మేడమ్.

బురదలో హాయిగా దిగింది. రెండు రోజులు వాన పడేసరికి ఇంకా హాయిగా దిగి, రేకు కింది సగం బురదలో మునిగేదాకా వెళ్లి ఆగింది. మూడో రోజు పొద్దున ఒక వ్యాను అటుగా వచ్చింది. దాన్నిండా మంత్రిగారి పోస్టర్లు, 'పల్లపు ఊరి రోడ్డు తవ్వకం దిగ్విజయం' అని. డ్రైవరు కొత్తవాడు, దారి తెలియదు. బండి స్లో చేసి, బురదలోంచి పైకి కనబడుతున్న బోర్డుని కూడబలుక్కుని చదివాడు.

"ఈ ఊరికి రోడ్డు."

బండి లోపలికి తిప్పాడు. కిలోమీటరున్నర పోయినా, కుదుపుకి ఒక్క పోస్టరు కూడా కదల్లేదు.